నా కూతురికి కన్నీళ్ళు లేవట

జూన్ 6

నా సెకన్ల ముల్లుకి మీ నాన్న రాసేది,

నీకు ముప్పై ఆరేళ్ళు వచ్చినా ఆ పేరు మాననులే. చిన్నప్పుడు దుకాణంలో ఒక్క క్షణం ఒకచోట నిలిచేదానివా?

నీ ఉత్తరం నిన్న పొద్దున దుకాణం తలుపు తీస్తుంటే అందింది. నిలబడే చదివాను. కూర్చుని మళ్ళీ చదివాను. మూడోసారి కంటికి భూతద్దం తగిలించుకుని, గడియారంలో వెంట్రుకంత స్ప్రింగును చూసినట్టు ఒక్కో అక్షరాన్నీ పట్టి చూశాను. అవే మాటలు. "కళ్ళు మండుతుంటే కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను నాన్నా. పరీక్ష చేసి, నీ కళ్ళల్లో కన్నీళ్ళే లేవు అంది." రెప్ప కింద సన్నటి కాగితం ముక్క పెట్టి, ఐదు నిమిషాలుంచి తీస్తే అది సరిగ్గా తడవనే లేదని కూడా రాశావు.

అమ్మా, ఇంత మంచి వార్త నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నా భయం నీకు తెలుసో లేదో. ఇన్నాళ్ళూ రాయలేదు, ఇప్పుడు రాస్తాను, ఇంక అది తీరిపోయింది కాబట్టి. ఆ మొదటి అత్తారింట్లో మూడేళ్ళుండి నువ్వు రెండు సంచులతో తిరిగొచ్చావు చూడు, ఆ ఏడాదంతా దుకాణంలో బల్ల మీద గోడవైపు తిరిగి కూర్చునేదానివి. నువ్వు ఏడుస్తున్నావని నాకు తెలియకూడదని నీ ఆశ. తెలియనట్టు ఉండాలని నా పాట్లు. తాళం తిప్పిన గడియారానికే మళ్ళీ మళ్ళీ తాళం తిప్పేవాణ్ణి. స్ప్రింగులు ఎన్ని తెగాయో ఎవరికీ చెప్పలేదు. తరవాత ఏళ్ళు గడిచాయి, నువ్వు తేరుకున్నావు, ఉద్యోగం చూసుకున్నావు. అప్పుడు నేను ఊరుకోవచ్చా? ఊరుకోలేదు. ఈ సంబంధం తెచ్చి, "వద్దు నాన్నా" అన్నా వినకుండా నీ వెంట పడ్డాను. నా మాట కాదనలేక తల ఊపావు. పెళ్ళై ఏడు నెలలు. ఈ ఏడు నెలలుగా ప్రతి గడియారం మూత బిగించి తల ఎత్తేసరికి ఒకటే ఆలోచన: ఒప్పించి తప్పు చేశానా?

నువ్వేమో ప్రతి ఉత్తరంలో "బాగున్నాను" అంటావు. ఆ మొదటి ఇంటి నుంచి కూడా అదే రాసేదానివి. అందుకని ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. కానీ ఇప్పుడు చెప్పింది నువ్వు కాదు, పెద్ద చదువు చదివిన డాక్టరమ్మ! అదీ నోటిమాట కాదు, కాగితం పెట్టి కొలిచి చెప్పింది!

దుకాణంలో సగం తాళాలాయనకి ఇచ్చాను కదా, ఆయనకే మొదట చదివి వినిపించాను. విని, తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూనే, "కళ్ళు మండుతున్నాయని కూడా రాసింది కదయ్యా?" అన్నాడు. ఆయనకి సంతోషం చూస్తే పడదు. మండటం ఎంత, నాలుగు రోజుల్లో పోతుంది. వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరికీ టీ తాగించాను. అల్లుడుగారికి నా తరఫున చెయ్యెత్తి దణ్ణం పెట్టాననుకో.

ఆనందంలో అక్షరాలు వంకర పోయాయి, సర్దుకుని చదువుకో.

నీ పిచ్చి నాన్న


జూన్ 14

నాన్నా,

ఉత్తరం చదివి ఎంత నవ్వానో! నవ్వినా కళ్ళల్లో నీళ్ళు రాలేదు, అదీ నా జబ్బు.

నువ్వనుకున్నది కాదు నాన్నా. కన్నీళ్ళు రెండు రకాలట. ఏడిస్తే వచ్చేవి ఒక రకం. ఏ బాధా లేకపోయినా పొద్దస్తమానం కంటిని తడిపి ఉంచేవి ఇంకో రకం. నాకు తక్కువైంది ఆ రెండోది. కారణం నా ఉద్యోగం. పాత పుస్తకాల పేజీలు ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తారు, యంత్రం వాటిని చదివి అక్షరాలుగా మారుస్తుంది. ఆ యంత్రానికి మరకకీ చుక్కకీ తేడా తెలియదు. ఎడమవైపు పాత పేజీ, కుడివైపు యంత్రం చదివింది, మధ్యలో నేను. ఎనిమిది గంటలు ఇటూ అటూ చూపు తిప్పుతూ తప్పులు దిద్దాలి. మామూలుగా మనిషి నిమిషానికి పదిహేను సార్లు రెప్ప వేస్తాడట, తెర ముందు ఐదారు సార్లకి మించదట. రెప్ప పడకపోతే కన్ను ఎండిపోతుంది. సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

మందు రాసిచ్చింది. దాని పేరు వింటే నువ్వు ఏమంటావో: కృత్రిమ కన్నీళ్ళు. నిజంగా అదే పేరు. వేలెడంత ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. మూత తుంచి, కంట్లో చుక్క వేసుకుని, మిగిలింది పారేయాలి. రోజుకి నాలుగుసార్లు.

వీధి మొత్తానికి టీ తాగించావు కదా, ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పుకుంటావో నువ్వే చూసుకో. ఫోన్ చేద్దామంటే నీకు సగం వినపడదు, మిగతా సగం తాళాలాయన వింటాడు. అదీగాక రోజంతా తెర చూసిన కళ్ళకి నీ కాగితం హాయిగా ఉంది. అందుకే ఉత్తరాలే రాసుకుందాం.

ఆయన బాగున్నారు. నేనూ బాగున్నాను.

నీ ముల్లు


జూన్ 21

ఒసేయ్ నా తెలివైన కూతురా,

రెండు రకాలుంటే ఉండనీ! నేనేమీ తగ్గను. ఆ రెండోది తక్కువైందని డాక్టరమ్మ అంది సరే, మొదటిది ఎక్కువైందని అందా? అనలేదు కదా. ఆమె చూపుకి అందనిదేమైనా ఉంటుందా? నా సంతోషంలో అణా కూడా తగ్గించను, టీ కూడా వెనక్కి తీసుకోను.

మందు పేరు చెప్తే తాళాలాయన చేతిలో ఆకురాయి కింద పడేశాడు. "కన్నీళ్ళు గొట్టాల్లో పోసి అమ్ముతున్నారా? మా ఇంటికి రమ్మను, మా ఆవిడ ఊరికే పోస్తుంది" అన్నాడు. నవ్వీ నవ్వీ నా కళ్ళల్లో మాత్రం రెండు రకాలూ వచ్చాయి.

కళ్ళ సంగతి నాకు వదిలెయ్. నలభై ఎనిమిదేళ్ళు కంటికి భూతద్దం పెట్టుకుని బతికినవాణ్ణి. పని నేర్పినాయన నా వెనకే స్టూలేసుకుని కూర్చునేవాడు. నేను ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా చక్రాల్లోకి చూస్తుంటే వీపు మీద ఒక్కటి వేసి, "దూరం!" అని అరిచేవాడు. వెంటనే తల ఎత్తి ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు చూడాలి. ఇరవై లెక్కపెట్టాలి. ప్రతి అంకెకీ ఒకసారి నిండుగా రెప్ప మూసి తెరవాలి, తలుపు వేసి తీసినట్టు, సగం సగం కాదు. అప్పుడే మళ్ళీ పని. ఆయన దెబ్బల పుణ్యమా అని ఈ వయసులోనూ నా చూపు నిలిచింది. నీ వీపు మీద వేయటానికి అక్కడ ఎవరున్నారు? నువ్వే వేసుకో. ఆ తెర నీ కంటి కంటే కాస్త కిందికి దించు. పైకి ఉంటే కన్ను గుడ్లప్పగించి చూడాలి, ఎక్కువ ఎండుతుంది. బల్ల ఎత్తు సరిగ్గా లేక నేనూ పడ్డాను ఆ బాధ.

ఇంక అసలు సంగతి. అల్లుడుగారు నీతో ఏం మాట్లాడతారు? లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి సంబంధం చూడటానికి వచ్చినప్పుడు కూడా "పైకి", "కిందికి" తప్ప మూడో మాట రాలేదని మనం నవ్వుకున్నాం గుర్తుందా? మేడ మీద గది చూపిస్తానంటే "పైకా?" అన్నారు, దిగుతూ "కిందికి" అన్నారు, అంతే. మనిషి మంచివాడని చేతులు చూసి చెప్పాను. గోళ్ళు అంత శుభ్రంగా ఉంచుకున్న మెకానిక్కుని ఇంకొకణ్ణి చూడలేదు. ఇప్పుడైనా మాటలు పెరిగాయా? ఒక్క ముక్క రాయి. నేను అడిగానని ఆయనతో అనకు.

నీ దూరపు నీళ్ళ ట్యాంకు


జూలై 1

నాన్నా,

నీ "దూరం!" పనిచేస్తోంది. డాక్టరమ్మకి చెప్తే ఆశ్చర్యపోయింది. ఆమె కూడా దాదాపు అదే చెప్పింది: ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరం ఇరవై సెకన్లు చూడమని. మా కిటికీలోంచి ఎదురు భవనం మీద పెయింటు పోయిన బోర్డు కనిపిస్తుంది. దాన్నే చూస్తున్నాను. తెర కింద రెండు లావు పుస్తకాలుంటే తీసేశాను, కాస్త దిగింది. పక్క బల్ల మీద అమ్మాయి కూడా నన్ను చూసి మొదలుపెట్టింది. ఇద్దరం ఒకేసారి తల ఎత్తితే మా ఆఫీసరు కిటికీ బయట ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

ఆయన బాగున్నారు. పొద్దున ఏడింటికి వెళ్తారు, సాయంత్రం ఆరింటికి వస్తారు. వంటలో సాయం చేస్తారు. ఆయన పని ఆయన చూసుకుంటారు, నా పని నేను చూసుకుంటాను.

వానలు మొదలవుతున్నాయి. దుకాణం ముందు గుమ్మం జారుతుంది, చూసుకుని నడువు.

నీ కూతురు


జూలై 9

అమ్మా,

దుకాణం తలుపు తీయకుండానే ఇది రాస్తున్నాను.

తాళాలాయన ఖాళీ తాళంచెవులు కొనుక్కురావటానికి నాలుగు రోజుల కిందట మీ నగరం వచ్చాడు. నిన్న తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఎప్పుడూ లేనిది నా ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా ఉన్నాడు. ఆయన నోరు మూసుకున్నాడంటే ఏదో ఉంది. పట్టి లాగితే చెప్పాడు. సాయంత్రం కూడలి దగ్గర బస్సు ఆగిందట, కిటికీ పక్కన నువ్వు. రెండు చెంపల మీదా నీళ్ళు ధార కట్టాయట. తుడుచుకుంటున్నావట, మళ్ళీ కారుతున్నాయట. ఆయన రోడ్డుకి ఇవతల నుంచి చెయ్యి ఊపాడట, నువ్వు చూడలేదు, బస్సు కదిలిపోయింది.

"నీకు చెప్పకూడదనుకున్నానయ్యా గడియారం, వీధి మొత్తానికి టీ తాగించినవాడివి" అన్నాడు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

నేనెంత మూర్ఖుణ్ణి! నీ చివరి ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. "ఆయన పని ఆయన చూసుకుంటారు, నా పని నేను చూసుకుంటాను." ఇది కాపురం చేసేవాళ్ళు రాసే మాటేనా? ఒకే దుకాణంలో నేనూ తాళాలాయనా ఉన్నట్టుంది. మేమైనా రోజుకి నాలుగుసార్లు పోట్లాడుకుంటాం.

కన్నీళ్ళు ఎండిపోయేదాకా ఏడ్చావా తల్లీ? అందుకేనా కొనుక్కోవాల్సి వచ్చింది?

మేడ మీద గది ఉంది. కిటికీ రెక్కకి నూనె పెట్టించాను, చప్పుడు చేయదు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఒప్పించింది నేను, తప్పు నాది. ఒక్క గీత రాస్తే చాలు, మొదటి బస్సుకి నేనే వస్తాను.

నాన్న


జూలై 14

నాన్నా,

ముందు కూర్చో. కూర్చున్నావా? ఆ నీళ్ళు మందు నాన్నా. మందు.

నాకు ఆ చుక్కలు వేసుకోవటం చేతకాదు. గొట్టం కంటి దగ్గరికి వచ్చేసరికి రెప్ప దానంతట అదే మూసుకుంటుంది. ఒక చుక్క లోపల పడితే నాలుగు చెంప మీద పడతాయి. ఆ రోజు ఆఫీసులో మరిచిపోయి బస్సులో వేసుకోబోయాను. బస్సు గుంతలో పడింది, గొట్టం మొత్తం మొహం మీద ఒలికింది. తాళాలాయన చూసింది అదే. పాపం, ఆయనకి నా తరఫున టీ నువ్వే ఇప్పించు.

ఇక్కడితో ఆపేస్తే నువ్వు మళ్ళీ వీధంతా టీలు తాగిస్తావు. అందుకని మిగతాది కూడా రాస్తాను. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడే రాయాల్సింది. ఆ సంతోషం చూసి రాయలేకపోయాను. నువ్వు సంతోషపడితే ఎదుటివాళ్ళకి నిజం చెప్పే చోటు మిగలదు నాన్నా. కోప్పడకు. ప్రేమతోనే అంటున్నాను.

నేను బాగుండలేదు. ఏడవలేదు, అది నిజం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదీ నిజం. కానీ ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నవాళ్ళలా ఉన్నాం. "అన్నం పెట్టనా?" "ఊఁ." "వాన వచ్చేలా ఉంది." "గొడుగు తీసుకెళ్ళు." ఇంతే. ఇష్టం లేకపోయినా చేసుకున్నారేమో అని నేను, ఏదైనా అడిగితే ఎక్కడ గొడవవుతుందో అని నేను. ఒకసారి కాలినదాన్ని కదా, నిశ్శబ్దమే నయమనుకున్నాను. నీ గది గుర్తొచ్చిన రోజులు లేకపోలేదు.

ఆ బస్సు రోజున ఏం జరిగిందో విను. మొహం తుడుచుకోవటానికి రుమాలు కూడా లేదు. అలాగే ఇంటికి వచ్చాను. ఆయన అప్పుడే వచ్చి పనిముట్ల సంచి దించబోతున్నారు. నన్ను చూసి సంచి అలాగే చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. మొహం పాలిపోయింది. "నా వల్లేనా?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. గొట్టం తీసి చూపించాను. పేరు చదివి, ఇటూ అటూ తిప్పి చూసి, లోపలికి వెళ్ళారు. మోచేతుల దాకా సబ్బు రాసి మూడుసార్లు కడుక్కున్నారు. వచ్చి కుర్చీ కిటికీ దగ్గరికి లాగి, "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. కింది రెప్ప ఒక్క వేలితో పట్టి, "పైకి" అన్నారు. నవ్వకు నాన్నా! నేనూ నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఒక్క చుక్క, సరిగ్గా లోపల. చెంప తడవలేదు.

చుక్క పడ్డాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. మూసుకున్నాను. ఆయన వెళ్ళిపోయారనుకున్నాను. కాసేపటికి పక్కనే మాట వినపడింది. "మీ నాన్నగారి మాట కాదనలేక నన్ను చేసుకున్నావని నాకు తెలుసు. అందుకే నీ జోలికి రాకుండా, నీకు అడ్డం లేకుండా ఉందామనుకున్నాను. అదే నిన్ను ఏడిపిస్తోందేమోనని భయపడ్డాను."

కళ్ళు తెరిచేసరికి వంటింట్లో ఉన్నారు.

అప్పటినుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చుక్కలు ఆయనే వేస్తున్నారు. మధ్యలోవి నేనే చెంపలకి వేసుకుంటాను. ఆ రెండు నిమిషాలూ ఆయన మాట్లాడతారు నాన్నా! నేను కళ్ళు తెరిస్తే ఆగిపోతారు. ఎనిమిదో అంతస్తులో ఒక పెద్దావిడ ఉందట. లిఫ్టు బాగైందో లేదో చూస్తానని ఎక్కి, కిందికీ పైకీ నాలుగుసార్లు తిరిగి, "చిన్నప్పుడు నన్ను ఊయల ఎక్కనిచ్చేవాళ్ళు కాదు నాయనా" అందట. ఇంకో రోజు ఇద్దరు పక్కింటివాళ్ళు లిఫ్టులో గంట ఇరుక్కుపోయి, పదేళ్ళ పోట్లాట తీర్చుకుని బయటికి వచ్చారట. ఇలాంటివి ఆయన దగ్గర ఎన్ని ఉన్నాయో!

నువ్వు మొదటి బస్సు ఎక్కకు. గది కిటికీ తెరిచే ఉంచు, గాలి ఆడనీ. అది నాకోసం కాదు.

నీ ముల్లు


జూలై 20

నా బంగారూ,

నీ ఉత్తరం నాలుగు చోట్ల చదివాను. దుకాణంలో, మేడ మీద, మెట్ల మీద, మళ్ళీ దుకాణంలో. మెట్ల మీద ఎందుకు చదివానంటే పైదాకా ఆగలేక.

ముందు తిట్టినదానికి జవాబు చెప్తాను. నువ్వన్నది సరైనదే. నాకు సంతోషం వస్తే చాటింపు వేసినట్టుంటుంది, పక్కవాడి మాట నాకు వినపడదు. చెవుడు ఒక్కటే కారణం కాదన్నమాట. నువ్వు "వద్దు నాన్నా" అన్నప్పుడు కూడా అంతే కదా, సంబంధం దొరికిన సంబరంలో నీ "వద్దు" వినిపించుకోలేదు. ఇప్పుడు మంచి జరుగుతోందని అప్పుడు నేను చేసింది మంచైపోదు. ఇది సంతోషం లేకుండా, గొంతు తగ్గించి రాస్తున్నాను. ఇక ముందు నువ్వు ఒక మాట చెప్పబోతే ముందు విని, తరవాత గంతులేస్తాను.

విన్నాను. ఇంక గంతులేయనా?

అమ్మా! ఆయన మాట్లాడతారా! ఆ ఊయల పెద్దావిడ సంగతి తాళాలాయనకి చెప్తే, ఆకురాయి పక్కన పెట్టి, "ఇది మీ అల్లుడు చెప్పిందా? నిజంగా?" అని మూడుసార్లు అడిగాడు. టీ ఇప్పించాను, ఆయనొక్కడికే. వీధికి ఇప్పించలేదు. చూశావా, బాగుపడుతున్నాను.

ఒక్క జాగ్రత్త. కంట్లో చుక్క వేసేటప్పుడు గొట్టం మూతి రెప్పకి తగలనివ్వకూడదు, తగిలితే మురికి చేరుతుంది, అల్లుడుగారికి చెప్పు. అక్కర్లేదులే, అంతసేపు చేతులు కడిగే మనిషికి ఎవరు చెప్పాలి?

పాత గోడ గడియారం ఒకటి బాగుకి వచ్చింది. పదకొండేళ్ళు ఆగిపోయి ఉందట. విప్పి చూస్తే ఏమీ పాడవలేదు. లోపల నూనె ఎండిపోయిందంతే. ఒక్క చుక్క పడగానే కదిలింది. పని చేస్తూ ఎవరి గురించి ఆలోచించానో నీకు చెప్పక్కర్లేదు.

గంతులేస్తున్న నీ నాన్న


సెప్టెంబర్ 5

నాన్నా,

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కాగితం ముక్క మళ్ళీ పెట్టింది. ఈసారి చక్కగా తడిసింది. తెర కిందికి దించటం, దూరం చూడటం, రెప్పలు నిండుగా వేయటం, అన్నీ కలిసి పని చేశాయట. చీటీ మీద రాసిచ్చింది: "రోజూ వేసుకోవలసిన అవసరం లేదు. కావాలనుకుంటే వేసుకోవచ్చు, నష్టం లేదు."

ఎవరైనా అయితే సంతోషించాలి కదా? నేను ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. నాన్నా, మందు మానేస్తే ఆ రెండు నిమిషాలు ఏమవుతాయి? నేను కళ్ళు తెరిచి ఉంటే ఆయనకి ఇప్పటికీ మాట తడబడుతుంది. పోయిన వారం వాళ్ళ అమ్మ గురించి మొదలుపెట్టారు. నాలుగు సాయంత్రాలైంది, ఇంకా సగంలోనే ఉంది.

నిన్న సాయంత్రం ఆయన చేతులు కడుక్కుని, కుర్చీ లాగి, "డాక్టరమ్మ ఏమంది?" అన్నారు. "ఇంకొన్నాళ్ళు వాడమంది" అన్నాను. అబద్ధం చెప్పాను నాన్నా. చీటీ అలమారలో చీరల కింద దాచాను. తల వెనక్కి వాల్చాను. ఆయన "పైకి" అన్నారు.

నువ్వు ఎవరితోనూ అనకు. ముఖ్యంగా ఆయనతో. నీ దుకాణం ఎదురు బట్టల కొట్టులో లిఫ్టు పనికి వచ్చే వారం మీ ఊరు వస్తున్నారు, నిన్ను చూస్తానన్నారు. నీ సంగతి నాకు తెలుసు. నోటికి తాళం వేయించుకో, పక్కనే తాళాలాయన ఉన్నాడుగా.

అబద్ధాలకోరు నీ కూతురు


సెప్టెంబర్ 16

నా దొంగపిల్లకి,

నోటికి తాళం వేయించుకున్నాను. అల్లుడుగారు రెండు రోజులుగా ఇక్కడే ఉన్నారు, ఒక్క మాట జారలేదు. నమ్మవు కదూ? తాళాలాయన్ని అడుగు. మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చి నా పక్కన స్టూల్ మీద కూర్చుంటున్నారు. నేను కంటికి భూతద్దం పెట్టుకుని తల వంచి పని చేసుకుంటుంటే ఆయన మాట్లాడటం మొదలుపెడతారు. తల ఎత్తితే ఆగిపోతారు. నిన్న ఒక గడియారాన్ని అవసరం లేకుండా మూడుసార్లు విప్పి బిగించాను.

నీ గురించి నేనేమీ అనలేదు. కళ్ళ ఊసే ఎత్తలేదు. ఆయనే ఎత్తారు. "మామయ్యగారూ, మీకో మాట చెప్పాలి, తనతో మాత్రం అనకండి" అన్నారు. సరేనన్నాను. ఇంక నీకు చెప్పకూడదు. చెప్పను. ఇచ్చిన మాట మీద నిలబడతాను. నువ్వు మొన్ననే తిట్టావు, బుద్ధి తెచ్చుకున్నాను. అయినా అందులో చెప్పటానికి ఏముందని, ఊరు బయల్దేరేముందు చొక్కాలు సర్దుకోవటానికి అలమార తీస్తే ఆ చీటీ

అయ్యో. రాసేశాను.

నా దగ్గర ఈ పెన్నుతో రాసింది చెరిపే సాధనం లేదు. కాగితం చింపి మళ్ళీ రాద్దామంటే పోస్టు వేళ అయిపోతోంది. సరే, సగం తెలిసినదానికి మిగతా సగం కూడా విను, విననట్టు ఉండు. చీటీ ఆయన చదివారు. చదివి, ఎలా ఉందో అలాగే మడిచి చీరల కింద పెట్టేశారు. వచ్చే దారిలో మందుల షాపుకి వెళ్ళి ఇంకో రెండు పెట్టెల గొట్టాలు కొన్నారు. పెట్టె మీద రాసింది చూపించి, "నిలవ ఉండటానికి ఏ మందూ కలపని రకం మామయ్యగారూ, ఎన్నాళ్ళు వేసినా కంటికి ఏమీ కాదట, ఇద్దరు డాక్టర్లని అడిగాను" అన్నారు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా మొహం చూసి అన్నీ తెలిసిపోతాయి కదా. భూతద్దంలో అంతా మసకైపోయింది. నా కళ్ళు ఎండిపోలేదని ఏ కాగితం పెట్టకుండానే రుజువైంది.

"మరి తనకి చెప్పెయ్యొచ్చు కదా బాబూ" అన్నాను, ఎరగనట్టు.

"చెప్తాను. ఇంకో మాట కూడా ఉంది, చుక్కలు వేసినప్పుడు రెండూ చెప్తాను" అన్నారు.

ఆ ఇంకో మాటేమిటో నాకు చెప్పారు, అది మాత్రం రాయను. నిజంగా రాయను, చూడు, పెన్ను బల్ల మీద పెట్టి రెండు చేతులూ జేబులో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఆయన నోట వినాల్సిన మాట అది, నా నోట కాదు.

ఎల్లుండి సాయంత్రం ఇల్లు చేరతారు. చేతులు కడుక్కుంటారు. కుర్చీ లాగుతారు. నువ్వు మామూలుగానే తల వెనక్కి వాల్చు. రెండు నిమిషాల్లో అయ్యేది కాదు, కాస్త ఎక్కువే పడుతుంది. తొందరపడి కళ్ళు తెరవకు.

నీ నాన్న